తొలివాకిలి ఎటువైపు?

మొదటి పలుకు

ఇదిగో, వింటున్నావా? వినవులే. నీకింకా చెవులు రాలేదట. చెవులదాకా ఎందుకు, నీకింకా ఏదీ రాలేదు. సీసాలో ఆవగింజలో సగం కూడా లేవు. అయినా సీసా పెట్టించుకున్న ప్రతి తల్లీ రోజూ ఈ గొట్టంలో మాట్లాడి తీరాలని పొదుగుశాల వాళ్ళ రూలు. అమ్మ గొంతు వింటూ ఉంటే పిండం నిలుస్తుందట. ఇంతకుముందు రెండు సీసాలతో బంగారం, వరహాలమూట అంటూ తెగ ముద్దుగా మాట్లాడాను. రెండూ నిలవలేదు. అందుకని ఈసారి నా మామూలు గొంతుతోనే మాట్లాడతాను. జడుసుకోకు.

నేను మీ అమ్మని, మంగతాయారుని. మన ఊరు కొత్త బందరు. బందరంటే ఓడలూ తెరచాపలూ ఉంటాయనుకునేవు. భూమికి ఎంతో దూరాన, మంచుగడ్డ కింద తొలిచిన గుహ ఇది, నాలుగంతస్తులు. ఇక్కడ మనిషికి బరువు చాలా తక్కువ, కాస్త గట్టిగా గెంతితే నెత్తి పైకప్పుకి కొట్టుకుంటుంది. ఆ బరువు చాలకే కడుపుల్లో పిల్లలు నిలవరు. అందుకే మీకందరికీ సీసాలు. పై రెండంతస్తుల్లో వీధివాళ్ళుంటారు, కింది రెండింట్లో పెరటివాళ్ళు. ఆ సంగతి రేపు చెబుతాను. ఇప్పుడు డ్యూటీకి పోవాలి, మురుగు జాలీలు గోకాలి. ఊరంతా వదిలిన నీళ్ళు ఊరంతా మళ్ళీ తాగాలంటే ఎవరో ఒకరు గోకాలి కదా.

రెండో పలుకు

నిన్న సగంలో ఆపాను. పిండం మొదట గుండ్రంగా బంతిలా ఉంటుంది, దానికి ముందూ వెనకా తెలీదు. కొన్నాళ్ళకి ఒకచోట సొట్ట పడుతుంది. ఆ సొట్టే లోపలికి దిగి దిగి రంధ్రమవుతుంది. ఒంట్లో మొట్టమొదట తెరుచుకునే ద్వారం అదే. మన ఊళ్ళో దాన్ని తొలివాకిలి అంటారు. ఆ వాకిలి రేపు నోరవుతుందా, లేకపోతే ఆ రెండోది అవుతుందా అన్నదాన్నిబట్టి మనిషి విలువ. నోరైతే వీధివాకిలి. రెండోదైతే పెరటివాకిలి. ఆ రెండోదాని అసలు పేరు పలకడానికి మా పెద్దమనుషులకి మహా సిగ్గు. దాన్ని పట్టుకుని ఊరిని రెండుముక్కలు చెయ్యడానికి మాత్రం ఏ సిగ్గూ అడ్డురాలేదు.

నోరు ముందు తెరిచినవాడు మాట్లాడటానికి పుట్టాడట. వాడికి సభలో కుర్చీ, పై అంతస్తులో ఇల్లు. వెనకది ముందు తెరిచినవాడు ఊరి మురికి ఎత్తడానికి పుట్టాడట. వాడు సభకి రావచ్చు, తాడు అవతల నిలబడి వినొచ్చు, నోరెత్తకూడదు. పెరటిబిడ్డకి ఐదో ఏడు రాగానే అట్టడుగు హాస్టల్లో వేస్తారు, పనిలో మెళకువలు చిన్నప్పుడే రావాలని. తల్లి ఎవరు, తండ్రి ఎవరు అని చూడరు.

నేను పెరటిదాన్ని. మీ నాన్న కోదండం వీధివాడు. లిఫ్టు పాడై మధ్యలో ఆగిపోయినప్పుడు ఇద్దరం అందులో ఇరుక్కుపోయాం. మిగతా కథ నీకు చెవులొచ్చాక చెబుతాను. నోరు ముందు పుట్టిన ఆ మహానుభావుడు ఇన్నేళ్ళుగా సభలో కూర్చుంటున్నాడు, ఇంతవరకు ఒక్క మాట మాట్లాడిన పాపాన పోలేదు. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైనా చెప్పడు, లేచి వెళ్ళి డబ్బా తెచ్చుకుంటాడు.

నీకు ఏ వాకిలైనా నాకొకటే. ఐదో ఏడు దాటాక కూడా నువ్వు మా ఇంట్లో, నా పక్కలో పడుకోవాలి. నాక్కావలసింది అంతే.

మూడో పలుకు

నీకు సొట్ట పడబోతోందట. ఊరంతా గోల.

పొదుగుశాల హాలు మధ్యలో ఒక పీట ఉంది. సొట్ట పడ్డ రోజున సీసాని దానిమీద పెట్టి, చుట్టపక్కాలందర్నీ పిలిచి తెరమీద చూపిస్తారు. అదే వాకిలి వేడుక. పీటకి అటో కెమెరా, ఇటో కెమెరా. తూర్పు గోడకున్నది వీధివాళ్ళది, పడమటి గోడకున్నది పెరటివాళ్ళది. ఈ మంచు కింద సూర్యుడెక్కడ, తూర్పెక్కడ? ఊరు కట్టినప్పుడు ఎవడో ఓ గోడమీద పెయింటుతో ‘తూర్పు’ అని రాసిపోయాడు, అప్పట్నించీ అదే తూర్పు. వీధివాళ్ళ వేడుకప్పుడు పడమటి కెమెరాకీ దాని తెరకీ గుడ్డ కప్పుతారు. మా వాళ్ళ వేడుకప్పుడు తూర్పుదానికి కప్పుతారు. కెమెరాకి కూడా మైల అంటుకుంటుందని నాకు పెళ్ళయ్యాకే తెలిసింది.

తెరమీద సొట్ట కుడిపక్కన కనిపిస్తే వీధి, ఎడమపక్కన కనిపిస్తే పెరడు. ఇదీ వీళ్ళ శాస్త్రం. ఇన్నేళ్ళలో వీధివాళ్ళ బిడ్డ ఒక్కడూ ఎడమకి రాలేదు, పెరటివాళ్ళ బిడ్డ ఒక్కడూ కుడికి పోలేదు. ఎంత క్రమశిక్షణ గల రంధ్రమో చూశావా!

ఇప్పుడు నీ సీసా ఏ కెమెరా ముందు పెట్టాలి? మీ మేనత్త రత్తమాంబగారు ఇంతెత్తున లేచింది. నాకు వదినగారు, వాకిలి సంఘానికి అధ్యక్షురాలు, నోరు ముందు పుట్టిందంటే ఆవిడ విషయంలో నేనూ నమ్ముతాను.

“మా కెమెరా ముందు పెరటి పిండమా? ఎక్కడైనా ఉందా తల్లీ!” అంది.

సరే, మా వాళ్ళేమైనా తక్కువ తిన్నారా? జాలీల మేస్త్రి గవరయ్య మావయ్య కింద మా వరండాలో కూర్చుని, “పై అంతస్తు సీసాకి మా కెమెరా ఎందుకిస్తామే మంగా? మాకూ ఓ పద్ధతుంది,” అన్నాడు. నెత్తిన ఎక్కి తొక్కేవాళ్ళ పద్ధతే వీళ్ళకీ ముద్దు.

సభలో పొద్దున్నించి ఇదే చర్చ. చివరికి భోజనాల గంట కొట్టేసరికి ఎవరో విసుక్కుని, “రెండూ వేసి తగలెయ్యండయ్యా, ఆకలేస్తోంది!” అన్నారు. అలా నీకు రెండు కెమెరాలూ దక్కాయి.

నాలుగో పలుకు

ఇవాళ ఫిలోమినా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. పొదుగుశాలకి పెద్ద ఆవిడే. నీ సీసా నీళ్ళు మారుస్తోంది. తలుపేసి, “ఏ వైపు అవుతుంది డాక్టరమ్మా?” అని అడిగేశాను.

“అందరికీ ఒకటే వైపు,” అంది, తల కూడా ఎత్తలేదు. “మనుషులందరికీ వెనకదే ముందు. నోరు ఆ తర్వాత, అవతలి కొసన వస్తుంది. కప్పకీ అంతే, చేపకీ అంతే.”

“మరి నోరు ముందు ఎవరికి?”

“నత్తలకి. వానపాములకి.”

నాకు నవ్వాగలేదు. మా వదినగారు ఏటా సభలో గుండెమీద చెయ్యేసుకుని ‘నోరు ముందు తెరిచిన వంశం మాది’ అని చెప్పుకోవడం కళ్ళముందు కదిలింది.

“మరి తెరమీద కొందరికి కుడి, కొందరికి ఎడమ ఎందుకొస్తోంది?”

ఆవిడ బల్లమీద మా ఇద్దరి మధ్య, కాస్త పక్కకి జరిపి ఓ గ్లాసు పెట్టింది. “నీకు ఎటుంది?”

“కుడిపక్కన.”

“ఎదురుగా కూర్చున్న నాకు?”

“ఎడమ... ఓసినీ!”

“సీసాలో పిండాన్ని పెట్టేది మిషను. ఎవరి పిండమైనా సరే, తోకవైపు వేణ్ణీళ్ళ గొట్టం దిక్కుకే పెడుతుంది. ఒక కెమెరా అటునుంచి చూస్తుంది, ఒకటి ఇటునుంచి చూస్తుంది. అంతే.”

“ఈ ముక్క సభలో చెప్పొచ్చుగా మీరు!”

“చెప్పాను, చేరిన కొత్తలో. పొదుగుశాలకి మందులు ఆపేశారు. నువ్వు చూడలేదు గానీ, ఆ నెల ఎన్ని సీసాలు చల్లారిపోయాయో నేను చూశాను. ఇక నోరు మూసుకున్నాను.” సీసా మూత బిగించి నా చేతికిచ్చింది. “నీ బిడ్డ బాగుంది. ఈసారి నిలుస్తుంది.”

నేను ఏడవనని ఒట్టుపెట్టుకుని వెళ్ళాను. ఒట్టు పోయింది.

ఐదో పలుకు

నీ వాకిలి వేడుక అయింది. అబ్బో, అయింది!

తూర్పు వైపు వీధివాళ్ళు పట్టుచీరల్లో, పడమటి వైపు మా వాళ్ళు ఉతికిన డ్యూటీ బట్టల్లో. నాచు బూరెలు పంచారు. నువ్వు మధ్యలో పీటమీద. రెండు తెరలమీదా గుడ్డలు తీశారు. వాకిలి పంతులు తూర్పు తెర చూసి, “వీధే!” అని అరిచాడు. సన్నాయి రికార్డు వేశారు. అంతలో ఆయన చూపు పడమటి తెరమీద పడింది. “పె... పెరడే!” అన్నాడు. రికార్డు ఆపారు. మళ్ళీ ఇటు చూశాడు. మళ్ళీ వేశారు. ఆ సన్నాయి ఎక్కిళ్ళు పట్టినట్టు మోగి మోగి ఆగింది. పంతులు కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీసేశాడు.

“ఒక్క సీసాలో ఇద్దరున్నారేమో?” అన్నారెవరో. “రెండు వాకిళ్ళేమో?” అని ఇంకొకరు. “వీధినీ పెరడునీ కలిపి కడితే ఇలాగే పుడతాయి,” అని మా వదినగారు. తలొకటీ అన్నారు గానీ, మధ్యలో ఉన్న వస్తువుని చెరోవైపునుంచీ చూస్తున్నామన్న మాట ఒక్క నోటినుంచీ రాలేదు. నాకు నోరు దురదపెట్టి చచ్చాను. వేడుక కూడా సభ కిందే లెక్క, తాడు అవతలివాళ్ళం మాట్లాడకూడదు కదా. మీ నాన్న తాడు ఇవతల, కుర్చీలోనే ఉన్నాడు. గ్లాసు సంగతి ముందురోజే చెప్పాను ఆయనకి. అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆరో పలుకు

ఇవాళ నాకు ఒళ్ళు మండిపోతోంది. నీకు చెవులు రాలేదు గనక సరిపోయింది.

సభ కూర్చుంది. నీకోసమే ఒక చట్టం చేశారు. వదినగారే రాసుకొచ్చి చదివింది: “ఏ తెరమీదైనా సరే, ఏ పిండానికైనా సరే, తొలివాకిలి ఎడమపక్కన కనిపిస్తే అది పెరటిబిడ్డే.” చదివి నావైపు చూసి, “ఎవరిమీదా కక్ష లేదు, ఊరి మేలుకోసం,” అంది. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి అంది. తూర్పు గోడకింద అన్ని చేతులూ లేచాయి.

మీ నాన్న చెయ్యి కూడా.

అవును. విన్నావా? మీ నాన్న చెయ్యెత్తాడు. నిన్ను ఐదో ఏట హాస్టల్లో పారెయ్యమని.

ఇంటికొచ్చాక తలుపు గడియ పెట్టి అడిగాను. “ఏవండీ, ఆ చెయ్యి మీదేనా, ఎవరైనా లాగి ఎత్తారా?”

“అందరూ ఎత్తారు మంగా. నేనొక్కణ్ణీ ఎత్తకపోతే కనబడిపోతాను.”

“కనబడితే ఏమవుతుంది?”

కంచం ఆయన ముందు పడేసి వెళ్ళి, ఎత్తిపెట్టిన పరుపు వేరే గదిలో వేసుకున్నాను. కూరలో ఉప్పు వెయ్యలేదు. డబ్బా కూడా దాచేశాను. ఉప్పు లేకుండానే తిన్నాడు.

ఏడో పలుకు

నాకు హాస్టలు కొత్త కాదు. అందులోనే పెరిగాను. మా అమ్మ వారానికోసారి అద్దం అవతలికి వచ్చేది. అద్దానికి రెండువైపులా ఆవిరి పడుతుంది కదా, తను అటునుంచి తుడిచేది, నేను ఇటునుంచి తుడిచేదాన్ని. ముఖం సరిగ్గా కనిపించేలోగా టైమయిపోయేది. మా అమ్మ ముఖం గుర్తుచేసుకుందామంటే ఇప్పటికీ నాకు ముందు ఆవిరే గుర్తొస్తుంది. నీకు అలాంటిది వద్దు. నువ్వు నా ముఖం చూసి చూసి విసుగెత్తాలి.

ఈ ఆలోచనతోనే జాలీ గోకుతున్నానా, ఆ చట్టం మాటలు బుర్రలో తిరుగుతున్నాయి. ‘ఏ తెరమీదైనా సరే. ఏ పిండానికైనా సరే.’ చేతిలో గోకుడుపుల్ల ఆగిపోయింది. ఏ పిండానికైనా! మా వదినగారు నిన్ను పట్టుకోవడానికి వల ఎంత పెద్దగా వేసిందంటే, ఆవిడా అందులోనే నిలబడింది. వచ్చేవారం ఆవిడ కూతురు సీసాకే వేడుక.

పరుగున ఇంటికొచ్చి మీ నాన్నతో మాటలు కలిపాను. ఎంత కోపమున్నా సభలో నోరెత్తే హక్కు మన ఇంట్లో ఆయనొక్కడికే ఉంది, ఏంచేస్తాం.

“మీరు ఒక్క మాటంటే ఒక్క మాట అనాలి. ‘రెండో తెర కూడా వెయ్యండి.’ అంతే.”

“అక్కయ్య వేడుకలోనా?” ముఖం పాలిపోయింది.

“అక్కడే.”

వారంరోజులు తర్ఫీదు ఇచ్చాను. అద్దం ముందు నిలబడి, “రెం... రెండో...” అంటాడు, దగ్గొస్తుంది, నీళ్ళు తాగుతాడు. స్నానాలగదిలో మాత్రం బ్రహ్మాండంగా చెబుతాడు. సభని స్నానాలగదిలో పెట్టించడం నావల్ల కాదు.

“మీవల్ల కాకపోతే చెప్పండి, నేనే తాడు దాటి అరుస్తాను. జైల్లో వేస్తే వేస్తారు,” అన్నాను చివరికి.

“నువ్వు అరిస్తే వాళ్ళు రాసుకోరు మంగా. పెరటి మాట లెక్కలోకి రాదు,” అన్నాడు. ఆయన అన్నదే నిజం. నాకు అప్పుడు భయమేసింది.

ఎనిమిదో పలుకు

నెమ్మదిగా చెబుతాను.

వదినగారింటి వేడుక. హాలంతా జరీ. మమ్మల్ని కూడా పిలిచారు, తాడు అవతల నిలబడి మెచ్చుకోవడానికి. పడమటి తెరకి గుడ్డ కప్పారు. సీసా పీటమీద పెట్టారు. తూర్పు తెరమీద ఆ చిన్న బంతీ, దాని సొట్టా కుడిపక్కన కనిపించాయి. “వీధే!” అన్నాడు పంతులు. అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు పాపం, మొన్న పోయిన పరువు కూడా అందులోనే రాబట్టుకుందామని. సన్నాయి అందుకుంది. నేను మీ నాన్న కుర్చీవైపు చూశాను. అరచేతులు చూసుకుంటున్నాడు. అయిపోయింది అనుకున్నాను. సన్నాయి పూర్తయింది. అక్షింతలకి అందరూ లేస్తున్నారు. నేను తాడు మీద చెయ్యి వేశాను, దాటేద్దామని.

“రెండో తెర కూడా వెయ్యండి.”

అంత సన్నటి గొంతు. ఎవరిదో ముందు నాకే అర్థం కాలేదు. చూస్తే మీ నాన్న, నిలబడి ఉన్నాడు.

“ఏంట్రా?” అంది వదినగారు.

“రెండో తెర, అక్కయ్యా. చట్టంలో ఉంది. ఏ తెరమీదైనా, ఏ పిండానికైనా అని. నువ్వే రాశావు. నేనూ... నేనూ చెయ్యెత్తాను.”

“నీ మొహం! కూర్చో.”

“కూర్చోను,” అన్నాడు. చెమటలు కారిపోతున్నాయి. “వేసేదాకా కూర్చోను.”

వీధిమనిషి సభలో అడిగితే కాదనకూడదని కూడా వీళ్ళ చట్టమే. పంతులు వదినగారి వంక చూశాడు, ఆవిడ పైకప్పు వంక చూసింది. ఆ గుడ్డ తీయడానికి ఎవ్వరూ రారు. చివరికి ఫిలోమినా డాక్టరమ్మ లేచి వెళ్ళి లాగేసింది.

ఎడమపక్కన.

అందరికీ అర్థమైంది. ఒక్కొక్కరి ముఖంలోనూ లెక్కలు నడుస్తున్నాయి. ఈ తెర వేసి ఉంటే నేనూ, మా నాన్నా, మా తాతా పెరటివాళ్ళమే కదా అనుకుంటున్నారు. మా వైపు గవరయ్య మావయ్య కూడా నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఎంతైనా మన కెమెరా, మన తెర అని ఇన్నాళ్ళూ గుడ్డ కప్పి కాపాడింది ఆయనే మరి.

ఇక్కడ నవ్వుదామని వారం నుంచి కాచుకుని ఉన్నాను. కానీ వదినగారి కూతురు ఆ జరీచీరతో పీట దగ్గరికి పరిగెత్తి, సీసాని రెండు చేతులా పొదివి పట్టుకుని, “అమ్మా, నా బిడ్డని కిందికి పంపేస్తావా?” అని అరిచింది. అది అచ్చం నా గొంతులాగే ఉంది. నాకు నవ్వు రాలేదు.

వదినగారు కూర్చుండిపోయింది. ఆవిడ నోట్లోంచి మాట రాకపోవడం నేను మొదటిసారి చూడటం.

తొమ్మిదో పలుకు

చట్టం రద్దయింది. వాకిలి వేడుకలు కూడా ‘సాంకేతిక కారణాలవల్ల’ ఆపేశారట. కొత్త బందరులో సిగ్గుకి పెట్టుకున్న పేరది. నిన్ను హాస్టల్లో వేసే మాట ఎవరూ ఎత్తడం లేదు. కింది పిల్లలు మాత్రం లిఫ్టులో పైవాళ్ళు ఎదురైతే “నత్తలొస్తున్నాయిరోయ్” అంటున్నారు. ఈ నత్తల సంగతి బయటికెలా వచ్చిందో డాక్టరమ్మకి ఏమీ తెలీదట.

ఊరు బాగుపడిందనుకోకు. ఇవాళే సంఘం మళ్ళీ కూర్చుంది. మనుషుల్ని విడదీయడానికి ఇంకో గుర్తు వెతుకుతున్నారు. మొదటి పన్ను పైన వస్తుందా, కింద వస్తుందా చూద్దామన్నది ప్రస్తుతం నడుస్తున్న ప్రతిపాదన. పైపన్ను గొప్పదని కొందరు, కిందిపన్ను గొప్పదని కొందరు ఇప్పటికే రెండు జట్లు కట్టారు. నీ పళ్ళకింకా టైముంది, అప్పటికి చూసుకుందాం. ఈసారి మీ నాన్న ముందునుంచే మాట్లాడతానంటున్నాడు. నిన్న కూర తిని, “మంగా, ఉప్పెక్కువైంది,” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ పక్కకెళ్ళి ఏడ్చాను.

అసలు సంగతి ఇది. పొద్దున డాక్టరమ్మ పిలిచి నిన్ను చూపించింది. గుడ్డలూ గోడలూ లేకుండా, ఆవిడ గదిలో, చిన్న భూతద్దంలో. వేణ్ణీళ్ళ గొట్టం వైపు నీ తొలివాకిలి ఎప్పుడో సర్దుకుపోయింది. అవతలి కొసన, ఇన్నాళ్ళూ ఏమీ లేనిచోట, సన్నగా చీరుకుంది. తెరుచుకుంది. మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది.

“అదే,” అంది డాక్టరమ్మ.

నీకు నోరొచ్చింది, తల్లీ. ఆలస్యంగా వచ్చింది, మీ నాన్నకి వచ్చినట్టే. వచ్చిందిగా, ఇక మూయకు.